కొమ్ము పగిలిన ఏడాది

నాకు ముక్కు మీద కోపం అంటుంది మా ఆవిడ పిచ్చమ్మ. నలభై ఏళ్లుగా అదే మాట. ముక్కు మీదే ఉంటే తుడుచుకుంటే పోయేది. నాది అంతకంటే లోపల ఉందని పోయిన ఏడాదే తెలిసింది. ఆ సంగతే చెబుతున్నాను. చిరాకుపడుతూనే చెబుతాను, ఎందుకంటే ఈ వ్యవహారంలో నాకు చిరాకు తెప్పించని మనిషి ఒక్కడూ లేడు, నాతో సహా.

ముందు మేమెవరమో చెప్పాలి. మా తాతల కాలంలో మావాళ్లు చర్చికి వెళ్లేవారు. మా నాన్న పాత నిబంధన దగ్గరే ఆగిపోయాడు. "మొదటి సగమే ఇంకా సరిగ్గా పాటించలేదు, రెండో సగానికి తొందరేముంది" అనేవాడు. అలా మెల్లమెల్లగా మా కొన్ని ఇళ్లు యూదుల పద్ధతిలోకి వచ్చాయి. శనివారం పని ముట్టుకోం. హీబ్రూ ప్రార్థనలు తెలుగు అక్షరాల్లో రాసుకుని చదువుకుంటాం. కోదాడలో మమ్మల్ని "శనివారం వాళ్లు" అంటారు. పోనీలే, వారం పేరైనా సరిగ్గా చెప్పారు.

కోదాడలో, సూర్యాపేటలో కలిపి మావి ఏడిళ్లు. పూర్తి ప్రార్థన జరగాలంటే పదిమంది మగవాళ్లు ఉండాలి. తొమ్మిదిమంది ఎంత భక్తులైనా చాలరు. మా ఏడిళ్లనూ జల్లెడ పడితే సరిగ్గా పదిమంది తేలతారు, పదకొండోవాడు లేడు. అందుకే వాళ్లలో ఎవరు తుమ్మినా నాకు గుండె ఆగుతుంది. వాళ్లకు పెద్దను నేను, దేవసహాయం, రిటైరైన సోషల్ టీచర్ని. ఆ పదిమందిలో సాంసన్ ఒకడు. సూర్యాపేటలో ఉంటాడు, మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలతాడు. శుక్రవారం పొద్దుగూకేలోపు కోదాడ వచ్చేస్తాడు. సైకిల్ షాపు పైన ప్రార్థనల కోసం తీసుకున్న మా కిరాయి గదిలో రెండు రాత్రులు పడుకుని, ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక వెళతాడు.

సాంసన్‌తో మాకు ఇంకో అవసరం కూడా ఉంది. మా నాన్న చేయించిన పొట్టేలు కొమ్ము ఒకటుంది. మా కొత్త సంవత్సరానికి ముందు వచ్చే నెలను ఎలూల్ అంటాం. ఆ నెలలో పొద్దున్నే కొమ్ము ఊదాలి, నిద్రపోతున్న మనసు లేవడానికి. మిగిలిన తొమ్మిదిమందిలో ఎవరు ఊదినా గాలే వస్తుంది. సాంసన్ ఊదితే మాత్రం కింద షాపులో పంక్చర్లు వేసే చిరంజీవి పని ఆపి పైకి చూస్తాడు.

ఆ నెలంతా ఒక్కొక్కరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఇవాళ నేనేం తప్పు చేశాను, ఎవరి మనసు నొప్పించాను, అని రోజూ సాయంత్రం రాసుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది నేనే. ఏటా ఎలూల్ మొదట్లో గదిలో వైట్‌బోర్డు మీద త్రాసు బొమ్మ కూడా నేనే గీస్తాను. ఎదుటివాడు చేసిన పనికి రెండు అర్థాలు కనిపిస్తే మంచి అర్థం వైపే త్రాసు మొగ్గాలి, వాడి చోట నిలబడి చూడకుండా తీర్పు చెప్పకూడదు, ఇది మన పెద్దల మాట అని వివరిస్తాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది.

పోయిన ఏడాది ఎలూల్‌లో మొదటి ఆదివారం. త్రాసు బొమ్మ బోర్డు మీద అలాగే ఉంది. అందరం లేచి నిలబడ్డాం. సాంసన్ కొమ్ము ఎత్తి ఊదాడు. మూత సరిగ్గా కూర్చోని కుక్కర్లా బుస్సుమంది. మళ్లీ ఊదాడు, మళ్లీ అంతే. లాక్కుని వెలుతురులో పెట్టి చూశాను. మూతి దగ్గర నుంచి జానెడు పొడుగున సన్నటి పగులు. పగిలిన కొమ్ము ప్రార్థనకు పనికిరాదు. అతికించినా పనికిరాదు.

ఆ కొమ్ము అంతకుముందు పదిహేను రోజులు సాంసన్ దగ్గరే ఉంది. ఫ్యాక్టరీ గేటు ముందు లోడు కోసం గంటలకు గంటలు లైన్లో ఉంటాం, అప్పుడు ఊది ప్రాక్టీసు చేస్తానంటూ అడిగి తీసుకెళ్లాడు. ఇంకేం కావాలి నాకు?

"లారీలో డాష్‌బోర్డు మీద ఎండలో పడేసుంటావు. దేవుని కొమ్ముకీ లారీ హారనుకీ తేడా తెలియని మనిషికి ఇచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ!" అని అరిచాను.

ఆడవాళ్ల వైపు నుంచి పిచ్చమ్మ, "ఏమండీ, ఆ కొమ్మును మీరు..." అని ఏదో అనబోయింది.

"నువ్వు ఊరుకో, మధ్యలో రాకు" అన్నాను.

సాంసన్ భార్య దీవెన, పదేళ్ల బిడ్డ అక్కడే ఉన్నారు. ఆ బిడ్డ నా వైపు కాక తండ్రి వైపు చూసింది.

"నేను పలగ్గొట్టలే సార్" అన్నాడు సాంసన్. ఆ ఒక్క మాటే. కొమ్మును తువాలులో చుట్టి బల్ల మీద పెట్టి, పెళ్లాం బిడ్డలను తీసుకుని మెట్లు దిగిపోయాడు. మరుసటి శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు.

మేం తొమ్మిదిమందిమి మిగిలాం. ఇక్కడ నా బాధ అర్థం చేసుకోవాలి. కొత్త సంవత్సరం తర్వాత పదో రోజున ప్రాయశ్చిత్త దినం వస్తుంది. మాకు ఏడాది మొత్తానికి అదే పెద్ద రోజు, ఒక పొద్దుగూకినప్పటి నుంచి మరుసటి రోజు చీకటి పడేదాకా ఉపవాసం. ఆ రోజు పదిమంది లేకుండా ఎలా? మా నాన్న ఈ గది తీసుకున్నప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. నా హయాంలో తప్పిపోతే ఆయనకు ఏం మొహం చూపించను? దేవుడి పట్ల చేసిన తప్పుకు ఆ ఉపవాసం చాలు. మనిషి పట్ల చేసిన తప్పుకు చాలదు, ఆ మనిషి దగ్గరికే వెళ్లి అడగాలి. ఒకసారి కాదంటే రెండోసారి, రెండోసారీ కాదంటే మూడోసారి. మూడుసార్లు అడిగితే మనవైపు బాధ్యత తీరినట్టు. సరే, ఆ మూడూ పూర్తిచేసేద్దామని బయలుదేరాను. గ్యాస్ బుక్ చేయడానికి వెళ్లినట్టే వెళ్లాను, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సూర్యాపేటలో వాళ్లిల్లు బస్టాండు వెనక సందులో. దీవెన మంచినీళ్లిచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు. సాంసన్ అన్నం తింటున్నవాడు చేయి కడుక్కుని వచ్చాడు.

"సాంసన్, అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. తప్పే" అన్నాను. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. నా నోరు ఆగితేగా! "కానీ నువ్వు కూడా వస్తువును జాగ్రత్తగా చూసుకోవాలి కదా. మా నాన్న చేయించిన కొమ్ము అది."

సాంసన్ తువాలు భుజాన వేసుకున్నాడు. "మాఫీ అడుగుతందుకు వచ్చిన్రా సార్, నాతోని ఒప్పిచ్చుకుంటందుకు వచ్చిన్రా?"

దీవెన గడప దగ్గర నుంచి అందుకుంది. "మా బిడ్డ రోజూ అడుగుతాంది సార్, నాయిన దేవుని కొమ్ము పలగ్గొట్టిండా అని. ఏం జెప్పాలె? మీరే జెప్పుండ్రి."

ఖాళీ గ్లాసు గడప పక్కన పెట్టి బయటికి నడిచాను. కోదాడ బస్సెక్కి దారంతా వాళ్లిద్దరినీ మనసులో తిట్టుకుంటూ వచ్చాను. పెద్దవాణ్ని, ఇంటికొచ్చి తప్పన్నాను, ఇంకేం కావాలి వీళ్లకు? ఇంటికి చేరగానే నోటుపుస్తకం తీసి రాశాను. "సాంసన్‌కు పొగరు. దీవెనకు నోరు ఎక్కువ."

పిచ్చమ్మ కాఫీ పెడుతూ భుజం మీదుగా చదివింది. పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పింది. అందులో నేను రాసినవన్నీ ఇలాంటివే: చిరంజీవి సౌండ్ పెంచి పాటలు పెట్టాడు, మా పదిమందిలో మత్తయ్య ప్రార్థనలో కునుకు తీశాడు, రవీందర్ ఆలస్యంగా వచ్చాడు, పిచ్చమ్మ పప్పులో ఉప్పు మరిచిపోయింది.

"ఇరవై రెండు పేజీలు రాశారు. మీ పేరు ఎక్కడుందండీ?"

"నాది నా మనసులో ఉంటుంది."

"గురివింద గింజకు కూడా నలుపు మనసులోనే ఉంటుంది కాబోలు" అని పుస్తకం నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

కొత్త సంవత్సరం వచ్చింది. కొమ్ము లేదు, పదిమంది లేరు. ఎవరికి వారు గొణుక్కుంటూ చదువుకున్నాం. మత్తయ్యకు ఎనభై దాటాయి, మా అందరిలో వయసులో పెద్దవాడు. "ఇంత మూగ పండగ నేనెప్పుడూ చూళ్లేదురా దేవసహాయం" అన్నాడు. ఆ మాట పుండు మీద కారంలా పడింది. ప్రాయశ్చిత్త దినానికి ఇంకా పది రోజులు కూడా లేవు.

కనీసం కొమ్మైనా సంపాదిద్దామని మిర్యాలగూడ వెళ్లాను. మా నాన్నకు కొమ్ము ఇచ్చింది అక్కడ మటన్ కొట్టు నడిపే ఫకీరా వాళ్ల నాన్నే. ఆ రోజే వెళ్లడానికి ఇంకో కారణం కూడా ఉంది. సాంసన్ మిర్యాలగూడలో సిమెంటు దించుతాడని దీవెన ఫోన్లో చెప్పింది. ఒక్క బస్సు టికెట్టుతో రెండు పనులూ అయిపోతాయనుకున్నాను.

సైజు చూపించడానికి పగిలిన కొమ్మును తువాలులో చుట్టి తీసుకెళ్లాను. ఫకీరా కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని తిప్పితిప్పి చూశాడు. గోటితో కొట్టి చూశాడు. లోపలికి టార్చి వేశాడు.

"గిట్ల పాడుజేసిన్రేంది సార్? మా నాయిన చేసిన కొమ్ము ఇది."

"లారీలో ఎండకు పెట్టాడు మావాడొకడు."

"లారీ ఎండ కాదు సార్. లోపల సూడుండ్రి, ఎట్ల తెల్లగైందో. బ్లీచింగ్ నీళ్లల్ల నానబెట్టిన్రు. నానబెట్టినంక ఎర్రటెండల ఆరబెట్టిన్రు. కొమ్ము నీడకు ఆరాలె సార్. గిట్ల జేస్తే అప్పటికప్పుడు పలగదు. లోపల్లోపల ఎండుకుంట వస్తది, మూన్నాలుగు నెలలకు పలుగుతది. అది గూడ, గట్టిగ ఊదినోని చేతులనే పలుగుతది."

నేను కొట్టు ముందున్న బల్ల మీద కూర్చున్నాను.

మే నెల. గదిలో కొమ్ము వాసన. ఎండలకు మరీ ఎక్కువైంది, కింద చిరంజీవి కూడా ముక్కు మూసుకున్నాడు. నేనే దాన్ని ఇంటికి తెచ్చి, బక్కెట్‌లో బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజంతా నానబెట్టి, నాలుగు రోజులు డాబా పైన రేకుల మీద పెట్టాను. వాసన పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఇక చూడాలి నా మనసు ఎంత చురుగ్గా పనిచేసిందో. వాసన వస్తే ఏం చేస్తారెవరైనా? నేను టీచర్ని, మటన్ కొట్టు నడిపేవాణ్ని కాదు, నాకెలా తెలుస్తుంది? దేవుని వస్తువు శుభ్రంగా ఉండాలనే కదా చేశాను? ఉద్దేశం మంచిదే కదా? అసలు ఫకీరా వాళ్ల నాన్న అప్పుడే ఈ ముక్క చెప్పి ఉండాల్సింది! ఫకీరా తెప్పించిన చాయ్ చల్లారేలోపు నా తరఫున ఇన్ని సాకులు పుట్టుకొచ్చాయి. సాంసన్ విషయంలో ఐదు వారాల్లో ఒక్కటీ పుట్టలేదు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. త్రాసు మంచి వైపు మొగ్గాలని ఏటా బోర్డు మీద గీసి చెప్పే మనిషిని, జన్మంతా ఆ నియమాన్ని ఒక్క మనిషికే పాటించాను. ఆ మనిషి నేనే.

ఇంత తెలిశాక తిన్నగా వెళ్లి నిజం చెప్పి ఉంటాననుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకుని బయలుదేరాను.

సాంసన్ లారీ సాగర్ రోడ్డులో ఒక గోదాము ముందు ఆగి ఉంది. అతను టైరు నీడలో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టాడు.

"సార్, నేనే మీ తానకి రావాలనుకున్న. పుస్తకం రాస్తున్న, మీరు జెప్పినట్టే. రాయంగ రాయంగ యాదికొచ్చింది. ఒకదినం కొమ్మును డాష్‌బోర్డు మీద మర్సిపోయిన. రెండు గంటలు ఎండల ఉన్నది. గదే అయ్యుంటది. నేను పలగ్గొట్టలే అని మీతోని అబద్ధమాడినట్టైంది. ఉపాసం మొదలయ్యేముందు అందరి ముందల ఒప్పుకుంట. మా బిడ్డకు గూడ జెప్త. నన్ను మాఫ్ చెయ్యుండ్రి సార్."

నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని చేతులకు సిమెంటు దుమ్ము ఉంది.

చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అంతలోనే ఇంకోటి తోచింది. వీడు వస్తానంటున్నాడు, పదిమందీ అవుతారు, మా నాన్న పెట్టిన పద్ధతి నిలబడుతుంది. ఇప్పుడు నిజం చెబితే మళ్లీ కోపం తెచ్చుకుని రానంటే? అందరికోసమే కదా ఆగుతున్నాను, పండగ అయ్యాక నెమ్మదిగా చెప్పవచ్చు.

"పోనీలే సాంసన్. మనిషన్నాక పొరపాటు చేయడా" అన్నాను.

అతను చేసిన తప్పేమీ లేదు. నేను అతణ్ని క్షమించి బస్సెక్కాను! తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చి, సాంసన్ వస్తున్నాడని, తప్పు ఒప్పుకున్నాడని పిచ్చమ్మకు చెప్పాను.

"ఏ తప్పు?" అంది.

నేను చొక్కా విప్పి వంకెకు తగిలించాను.

"మే నెలలో మీరు కొమ్ము నానబెట్టింది నా బట్టల బక్కెట్టులోనేగా. దాని అడుగు ఇప్పటికీ తెల్లగానే ఉంది, చూస్తారా?"

"తెలిస్తే ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెప్పబోతే ఊరుకోమన్నారు. ఊరుకున్నాను."

"ఇన్ని రోజులా?"

"మీ పుస్తకంలో మీరే రాస్తారేమోనని రోజూ చూస్తున్నానండీ" అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఉపవాసం మొదలయ్యే సాయంత్రం వచ్చింది. ఫకీరా పంపిన కొత్త కొమ్ము బల్ల మీద ఉంది. ఐదింటికే సాంసన్ వచ్చాడు, తెల్లచొక్కా, తెల్లప్యాంటు. దీవెన, బిడ్డ ఆడవాళ్ల వైపు కూర్చున్నారు. మత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టి, "పదిమందిమి" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా నోరు ఇంకా గట్టిగా మూసుకుపోయింది. రేపు, అనుకున్నాను. ఉపవాసం అయ్యాక తప్పకుండా చెబుతాను.

ప్రార్థనకు ముందు ఒకరినొకరు క్షమాపణ అడుక్కోవడం మా ఆచారం. సాంసన్ లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. రాసుకుని వచ్చాడు పాపం.

"మన కొమ్ము..." అని మొదలుపెట్టి, బిడ్డ వైపు చూసి ఆగాడు. ఆ పిల్ల తల వంచుకుంది.

తల వంచుకోవలసింది ఆ పిల్ల కాదు. నేను లేచాను.

"కూర్చో సాంసన్. కొమ్ము పగలగొట్టింది నేను" అన్నాను. బ్లీచింగ్ సంగతి చెప్పాను. డాబా మీది రేకుల సంగతి చెప్పాను. ఫకీరా చెప్పింది చెప్పాను. 'కానీ నా ఉద్దేశం' అనే మాట రెండుసార్లు నాలుక మీదికి వచ్చింది, రెండుసార్లూ మింగాను. అప్పుడు బిడ్డ వైపు తిరిగి, "మీ నాయన పగలగొట్టలేదమ్మా. మొదటిరోజు ఆయన చెప్పిందే నిజం" అన్నాను. ఆ పిల్ల తలెత్తింది.

సాంసన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"ఫకీరా మీకెప్పుడు జెప్పిండు సార్?"

"మిర్యాలగూడ వెళ్లిన రోజు."

"అంటే నేను మీ చేతులు పట్టుకున్ననాడు మీకు ఎరికేనా?"

"ఎరికే."

అతను రబ్బరు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు చివరి మెట్టు దాకా వినిపించింది. దీవెన లేవబోయి ఆగింది. కిటికీలో ఎండ గోడ మీది నుంచి పైకప్పుకు పాకుతోంది. మత్తయ్య మళ్లీ వేళ్లు మడిచి చూసుకుని, చేయి ఒళ్లో పెట్టుకున్నాడు. తొమ్మిదిమందిమి. నా హయాంలోనే తప్పిపోయింది, నా చేతులారా. ఎవరి మీద కోపం తెచ్చుకుందామన్నా నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

సూర్యుడు కనబడకుండా పోయే ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సాంసన్ మొహం కడుక్కుని వచ్చాడు. ఎవరినీ చూడకుండా వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాడు. నేను అతని దగ్గరికి వెళ్లాను.

"క్షమించు సాంసన్."

"లెక్క కోసం కూసున్న సార్. దేవుని పని ఆగొద్దని. మిమ్మల్ని మాఫ్ చెయ్యలే."

నా కోపం నన్ను వదులుతుందా! అక్కడ కూడా నోరు జారింది. "నీ దగ్గరికి రావడం ఇది మూడోసారి" అన్నాను.

"కాదు సార్" అన్నాడు సాంసన్, మొదటిసారి నా కళ్లలోకి చూస్తూ. "ఇది మొదటిది. ఇంక రెండుసార్లు రావాలె మీరు."

మారు మాట్లాడకుండా వెళ్లి నా చోట నిలబడ్డాను. వెనక నుంచి మత్తయ్య "మొదలుపెట్టు, పదిమందిమి" అన్నాడు. ప్రార్థన మొదలుపెట్టాను.